తెడ్డు ఎవరి చేతిలో

ఆ గదిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మైకు అనేవాళ్ళు. వయసులో చిన్నవాళ్ళు మైకు వదిన అనేవాళ్ళు. ఆమె అలగడం మాట అటుంచి, పిలిచినప్పుడల్లా దర్జాగా పలికేది.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో మిషన్ల హాలు దాటితే ఒక పొడవాటి గది వస్తుంది. చేత్తో చెయ్యాల్సిన పనంతా అక్కడే. కాజాలు, గుండీలు, అంచు మడతలు. ఆడవాళ్ళు బల్లకు అటూ ఇటూ కూర్చుని సూదితో కుడుతుంటారు. చేతులకు తీరిక ఉండదు గానీ చెవులు ఊరికే ఉంటాయి కదా! అందుకని, ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆ గదిలో ఒక ఏర్పాటు ఉండేది. భోజనాలయ్యాక ఒకరు నవల పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటూ కుడతారు. చదివే మనిషి వంతు గుండీలను తక్కినవాళ్ళు పంచుకుంటారు. షరతు ఒక్కటే. చదువు సాగినంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. ఏడుపొస్తే ఏడవచ్చు, అదీ గుడ్డ మీద పడకుండా.

చదివే కుర్చీ మైకుది. బడి మధ్యలో మాన్పించి పెళ్ళి చేసేశారు ఆమెకు. అక్షరాల మీద ఆకలి మాత్రం తీరలేదు. కిరాణా కొట్టు పొట్లం విప్పితే ఆ కాగితం కూడా చదివాకే పారేసేది. ఇంట్లో పైకి చదివితే మొగుడు రెండో వాక్యానికే గురక తీసేవాడు. ఇక్కడ పేజీ తిప్పడం కాస్త ఆలస్యమైతే చాలు, బల్ల చుట్టూ తలలన్నీ లేచేవి. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమెకు తానంటే తనకే ముచ్చటగా ఉండేది. అంతకన్నా ఏం కావాలండీ మనిషికి?

ఆ ముచ్చట కొత్త సూపర్వైజరు కంట్లో నలుసైంది. వచ్చిన వారంలోనే పాటల పెట్టె ఒకటి తెప్పించి గది అలమారులో పెట్టాడు. కథలు చెప్పుకుంటే పని సాగదనీ, ఒక్క తప్పు కనబడితే పుస్తకం మూసి పాటలు పెట్టిస్తాననీ అందరికీ వినబడేలా అన్నాడు. ఆ రోజు నుంచీ మైకు అలమారు వైపు చూడకుండా చదవడం నేర్చుకుంది.

ఇక బల్ల చివర కూర్చునే కాజాలత్త. మైకుకు సొంత అత్తగారు. ఆ గదిలో అందరికీ కూడా ఆవిడ అత్తే. ఆవిడ చుట్టిన కాజా చిరగదు. మాట మాత్రం అరుదు. కోడలి చదువును ఏనాడూ బాగుందనలేదు, బాగోలేదనీ అనలేదు.

ఆ కాలంలో చదువుతున్నది రేవులో పడవ నడిపే ఒక ఆడమనిషి కథ. చంకలో పిల్లతో ఆమెను వదిలేసి మొగుడు ఎటో పోతాడు. ఆమె తెడ్డు పడుతుంది. వరదలో జనాన్ని దాటిస్తుంది. పడవ లాక్కోబోయిన మరిదిని నడి ఏట్లో దించేస్తానని బెదిరిస్తుంది. గదిలో ఆడవాళ్ళు ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. పొద్దున రాగానే ఆమెకు ఒంట్లో ఎలా ఉందో అన్నట్టుగా మాట్లాడుకునేవాళ్ళు, ఇరుగింటి మనిషే అయినట్టు.

ఆఖరి అధ్యాయం వచ్చింది. మైకు ముందుగా చదివిపెట్టుకోలేదు, అందరితోపాటే తెలుసుకోవాలని ఆమె సరదా. చదువుతుంటే మొగుడు తిరిగొచ్చి ఒడ్డున నిలబడ్డాడు. సరే. పడవ మనిషి గబగబా దిగి అతని కాళ్ళ మీద పడింది. తరవాత ఆమె తెడ్డు అతని చేతికిచ్చి, ఇన్నాళ్ళూ ఈ బరువు మోయలేక చచ్చానని చెప్పి, పడవలో వెనక్కి వెళ్ళి ఒదిగి కూర్చుంది. సమాప్తం.

మైకుకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని వందల పేజీలు ఈ గొంతుతో మోసి తెచ్చింది ఇందుకా అనిపించింది. ఎవరో చెంప మీద కొట్టి, నవ్వమన్నట్టుంది. గదిలో చూస్తే కళ్ళన్నీ నిప్పులే. కానీ షరతు ఉందిగా! ఆ పుస్తకం మైకు ఒళ్ళో తెరిచే ఉంది, పని ముగిసే గంట కొట్టేదాకా ఎవరూ కిక్కురుమనలేదు. నోట్లోంచి రావాల్సిన కోపమంతా చేతుల్లోకి దిగింది. పళ్ళు బిగించి, సూదిని కసికొద్దీ పొడిచి, లాగి, మళ్ళీ పొడిచి గుండీలు కుట్టారు.

ఆ కసి ఫలితం మర్నాడు పొద్దున బయటపడింది. సూపర్వైజరు ఒక చొక్కా తీసి దులిపి తెరవబోతే అది తెరుచుకోలేదు. గుండీతోపాటు ముందు పట్టీనీ వెనక గుడ్డనూ కలిపి కుట్టేశారు మహాతల్లులు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. కట్టకు కట్ట, చొక్కాలు కాదు, దిండు గలీబులు!

అతను అరవలేదు. చిన్నగా నవ్వాడు, దానికే భయమేసింది. సాయంత్రం సరుకు బండి వస్తుందనీ, ఈలోగా చొక్కాలన్నీ విప్పి సరిగా కుట్టి ఇస్తే సరేననీ, ఒక్కటి మిగిలినా పుస్తకాల ముచ్చట ఆ పూటతో ఆఖరనీ చెప్పి, పాటల పెట్టెను అలమారులోంచి తీసి బల్ల మీద పెట్టి మరీ వెళ్ళాడు.

కుట్టడం ఒక ఎత్తు, కుట్టింది విప్పడం ఒక ఎత్తు. గుడ్డ చిరగకుండా ఒక్కో దారమే పీకాలి. మెడలు పట్టేస్తాయి, ప్రాణం విసుగెత్తుతుంది. కాసేపటికే మూలుగులు మొదలయ్యాయి. ఆ పాడు నవల కోసం మనమెందుకు చావాలి, పాటలే పెట్టుకోమందాం అంది ఒకామె. ఇంకొకామె కత్తెర పక్కన పెట్టేసింది. మైకు పాటల పెట్టె వైపు చూసింది. ఆ గదిలో మనసు విరిగితే చొక్కాలు అవవు. చొక్కాలు అవకపోతే తన కుర్చీ లేదు.

చేతిలోని చొక్కా తిప్పి చూసుకుంది. తప్పు కుట్టు ఒక్క చోటే ఉంది. దాని పైనున్నదంతా శుభ్రంగానే ఉంది.

"చొక్కా పారేస్తున్నామా? తప్పు దగ్గరికి విప్పి మళ్ళీ కుడుతున్నాం. కథ కూడా అంతే. ఒడ్డున మొగుడు నిలబడ్డాడు చూడండి, అక్కడిదాకా బాగానే ఉంది. అక్కణ్ణుంచి విప్పేద్దాం" అంది.

పుస్తకం తెరవలేదు, కనక షరతూ లేదు. మైకు చేతులు విప్పుతూనే ఉన్నాయి, నోరు కథ అందుకుంది. పొద్దున్నే మంచు, రేవులో జనం, ఒడ్డున చిరిగిన చెప్పులతో మొగుడు. పక్కన పెట్టిన కత్తెర మళ్ళీ పైకి లేచింది. మూలుగులు ఆగాయి. ఆ ఒడ్డు చుట్టూ ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినే చెప్పుకుంటూ, మధ్యాహ్నం దాకా కథను సాగదీసింది. అందరూ తలా ఒక మాట అందించారు. విప్పడం పూర్తయి గుండీలు మళ్ళీ ఎక్కుతున్నాయి.

ఇక మొగుడి సంగతి తేల్చాలి. ఏట్లోకి తోసెయ్యమని బల్ల అంతా ఒకటే గోల. మైకు నోటిదాకా వచ్చింది ఆ మాట. అంతలో బల్ల చివరికి చూసింది.

నిన్న గది మొత్తంలో తప్పు కుట్టనిది ఒక్క కాజాలత్తే. ఆవిడకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో మైకుకు తెలుసు. మైకు మొగుడు పాలుతాగే వయసులో ఉండగా మామగారు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. కొడుక్కి మీసాలొచ్చాక తిరిగొచ్చాడు. ఇప్పుడు గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. తోసేసిందంటే గది చప్పట్లు కొడుతుంది, అత్తగారి బతుకును తప్పన్నట్టవుతుంది. కాళ్ళ మీద పడిందంటే ఆ పాడు నవలే మళ్ళీ. మైకు కథ ఆపి, చేతిలోని గుండీకి అక్కర్లేని దారం ఇంకో చుట్టు చుట్టింది. సూదులు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. బండి వచ్చే వేళ దగ్గర పడుతోంది.

కాజాలత్త దారం కొరికి, తలెత్తింది.

"ఎక్కించుకోమనవే. ఆకలితో వచ్చినవాణ్ణి ఒడ్డున వదిలేస్తామా? తెడ్డు మాత్రం ఇవ్వద్దను. నేను ఇవ్వలేదు."

బల్ల చుట్టూ తలలన్నీ అటు తిరిగాయి. మైకుకు కళ్ళు నిండొచ్చాయి. అత్తగారి ముఖం చూస్తూనే కథ అందుకుంది. పడవ మనిషి అతణ్ణి ఎక్కించుకుంది. అన్నం మూట విప్పి చేతికిచ్చింది. అతను తిని, చెయ్యి కడుక్కుని, అలవాటుగా తెడ్డు వైపు చెయ్యి చాచాడు. కూర్చో అంది ఆమె. అడుగున ఊరుతున్న నీళ్ళు చూపించి, డబ్బా ఇచ్చి, తోడి పొయ్యమంది. అతను తోడాడు. ఆమె నడిపింది.

గది గదంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో ఏడుస్తున్నవాళ్ళూ ఉన్నారు. కాజాలత్త కొంగుతో మూతి తుడుచుకుంటూ, మా ఆయన చిక్కుళ్ళు బాగా ఒలుస్తాడులే అంది. ఆ తరవాత సూదులు ఎలా పరిగెత్తాయో చెప్పలేను. బండి హారను మోగేసరికి ఆఖరి చొక్కా మడత పడింది.

సూపర్వైజరు ఒక్కో చొక్కా తెరిచాడు, తిరగేశాడు, గుండీలు లాగి చూశాడు. వంక దొరకలేదు. మైకు లేచి నిలబడి, మరి చదువు సంగతేమిటని అందరి ముందూ అడిగేసింది. చదువుకోండి, నేనెప్పుడైనా వద్దన్నానా అని గొణిగి, పాటల పెట్టెను తానే చంకన పెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు కొత్త నవల వచ్చింది. మొదలుపెట్టే ముందు ఆఖరి అధ్యాయం చూడమని, బాగుంటేనే చదవమని అందరూ మైకు దగ్గర పట్టుబట్టారు. ఆమె కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కుని, మొదటి పేజీ తెరిచింది.

"అక్కర్లేదు. బాగోకపోతే మనమే విప్పుకుందాం" అంది.