కాక చూపని ముల్లు

‘కాక’ అంటే పాత తెలుగులో వేడి. జ్వరతాపాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు. మా పాలకుర్తి వైపు మాత్రం తండ్రి తమ్ముణ్ణి పిల్లలు పిలిచే పిలుపు అది. నా కూతురు మా తమ్ముణ్ణి అలాగే పిలిచేది.

వాడు బోరుబావులకు మోటార్లు, పైపులు బిగించి బ్రతికినవాడు. పెండ్లి చేసుకోలేదు. నా బిడ్డ పలక పట్టిన రోజుల్లో, ఊరు విడిచిపోతున్న ఒక గుత్తేదారు వద్ద రెండే సీట్లున్న పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేలను రాసుకుంటూ పోయే ఆ బండికి ఊరివారు తాబేలని పేరు పెట్టారు.

“నవ్వనియ్యి బిడ్డా. నిన్ను పక్కకు కూసోవెట్టుకొని దూరం తిప్పుకొస్త, సూడు” అని వాడు మాట ఇచ్చాడు. కాని కొడకండ్ల చేరకముందే ఇంజన్ మరిగి ఆవిరి కక్కేది. వేడి చూపవలసిన మీటరు కొన్ననాటికే చెడిపోయి ఉన్నది. బిడ్డ పెరిగి, భూపాలపల్లిలో టీచరై స్థిరపడింది. మాట మాత్రం మాటగానే మిగిలింది.

నిరుడు వాని కాలేయం చెడినదని దవాఖానలో తేలింది. ఇక చేయదగినదేమీ లేదని వైద్యుడు నాతో ఒంటరిగా చెప్పాడు. నేను బయటికి రాగానే తమ్ముడు నా ముఖం చూసి గ్రహించాడు. తిరుగు బస్సులో, కిటికీ వైపు చూస్తూనే అన్నాడు: “అన్నా, చేతుల సత్తువ ఉండంగనే బండి తోలుకపోయి బిడ్డను ఎక్కించుకోవాలె. గంతే. ఇంకేం అడుగ.”

రేడియేటరు బాగు చేయించాము. మహబూబాబాద్‌లోని విడిభాగాల దుకాణంలో కొత్త మీటరు ఒకటి దొరికింది. పాత డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేయడానికి వానికి మనసొప్పలేదు. క్రింద ఒక రేకుపట్టీ బిగించి, దానికి మీటరును అమర్చాడు. నేను బ్యాటరీ లైటు పట్టుకొని కూర్చున్నాను.

“నా మొకంల ఏం సూస్తున్నవన్నా? లైటు తీగె మీద పట్టు.”

“ఒంట్ల ఎట్లున్నదిరా?”

“మంచిగనే ఉన్న. గీ మీటరు మీద ఇంగిలీషుల రాసిండ్రు. వేడికి మన పుస్తకాలల్ల ఏమంటరు?”

కాక అంటారని చెప్పాను. వాడు పనిముట్టు క్రింద పెట్టి మరీ నవ్వాడు. కాగితపు ముక్క మీద ఆ రెండక్షరాలు రాసి మీటరు క్రింద అంటించాడు.

తరువాత, వేడిని కనిపెట్టే సెన్సరును ఇంజనులో బిగించాడు. బిగించే ముందు దాని మరచుట్ల మీద తెల్ల టేపు దట్టంగా చుట్టాడు. నీరు కారకుండా ప్రతి పైపు కీలుకూ అలా చుట్టడం వాని జీవితకాలపు అలవాటు. బండి కదిలించి చూస్తే ముల్లు కొద్దిగా లేచి, అడుగుననే నిలిచింది. “సల్లగున్నదన్నా!” అని వాడు చిన్నపిల్లవానివలె సంబరపడ్డాడు.

మరునాటి ఉదయం బయలుదేరాము. వాడే నడిపాడు. దారి పొడవునా ముల్లు కదలలేదు. పరకాల దాటిన కొంతసేపటికి ఇంజన్ పెద్దగా మూలిగి, బిగుసుకొని, ఆగిపోయింది. మూత ఎత్తితే తెల్లని ఆవిరి మమ్ములను కప్పివేసింది.

కొంత చల్లారినాక సెన్సరు విప్పాడు. దానిని చేతిలో త్రిప్పి, టేపు మీద వేలు పెట్టాడు.

“దీనికి ఒక్కటే తీగె అన్నా. ఇనుము ఇనుముకు తాకితేనే ముల్లుకు ఎరుకైతది. నేను బోరు పైపనుకొని టేపు సుట్టి అడ్డం వెట్టిన.”

టేపు ఒలిచి, మళ్ళీ బిగించి, తాళం తిప్పాడు. ముల్లు చివరివరకు ఎగిరింది. ఇంజన్ మాత్రం కదలలేదు.

ఫోను చేస్తే బిడ్డ భూపాలపల్లి నుండి ఆటోలో వచ్చింది. రోడ్డు ప్రక్కన ఆగిన బండిని చూసి, కండ్లు తుడుచుకొని, తలుపు తీసి కాక ప్రక్కన కూర్చున్నది. ఆ కాగితం మీద చేయి పెట్టింది.

“నీ పేరు నువ్వే రాసుకున్నవా కాకా?”

“నా పేరు గాదు, వేడి పేరట. మీ బాపును అడుగు.”

“అయితె నడుపు. బండి ఎక్కితిగద.”

వాడు స్టీరింగ్ పట్టుకొన్నాడు. కదలని బండిలో, ఊరి తరువాత ఊరు చెప్పుతూ ఆమెను పాలకుర్తి దాకా తీసుకొనిపోయాడు. మలుపు వచ్చినప్పుడల్లా చేతులు త్రిప్పాడు. ఆమె “మెల్లగ, కాకా” అన్నది. నేను బయట నిలబడి ఉన్నాను. వారి ఎదుట ముల్లు కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది.

“కాకా, నీ చెయ్యి కాలిపోతున్నది!”

“నాకేంది బిడ్డా. ముల్లు సూడు, దిగుతలేదా?”

ఆ యేడు పత్తి ఏరడం ముగియకముందే వాడు పోయాడు. లారీ మీద ఇల్లు చేర్చిన కారు ఇప్పటికీ మా రేకుల షెడ్డులోనే ఉన్నది. బిడ్డ వచ్చినప్పుడల్లా వెళ్ళి ఎడమ సీటులో కూర్చుంటుంది. కుడి సీటులో నన్ను కూర్చోమని ఆమె ఎన్నడూ అడుగలేదు. నేనూ కూర్చోలేదు.