జంట పోగులు

మొన్న మా మనవడు కొత్త కంప్యూటర్ కొనుక్కుని, దాని లోపలి ప్రాసెసర్ జాతే వేరట, పాత ప్రోగ్రాములు సగం నడవడం లేదని మొహం వేలాడేసుకుని కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. ఈ బాధ నేను తొంభైల్లోనే, కరీంనగర్‌లోని ఓ చిన్న ప్రెస్సులో తెలుగు టైపు చేసే రోజుల్లోనే పడి లేచాను మరి.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు పోగా మిగిలిన వేళల్లో మా మేనమామ పుస్తకం కొట్టేదాన్ని. సిరిసిల్లలో నలభై ఏళ్లు చేమగ్గం నేసిన మనిషాయన. పవర్‌లూములు వచ్చాక మగ్గం మాటలు మాయమవుతున్నాయని ఒక్కొక్కటీ పోగుచేశాడు. చూపు మందగించాక చివరి సగం ఆయన నోటితో చెబుతుంటే నేను నేరుగా మెషీన్‌లోకే ఎక్కించాను. కాగితం మీద ప్రతి లేదు, అదీ నా తెలివి!

అంతలో మా యజమాని పాత మెషీన్‌ను మార్పిడికిచ్చి వేరే రకం కొత్తది తెచ్చాడు. ఫైళ్లు అందులోకి ఎక్కాయి గాని, తెరిస్తే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. బిగించడానికొచ్చిన మెకానిక్కు, ప్రాసెసర్ మారిందమ్మా, మళ్లీ కొట్టుకోవాల్సిందే అని తేల్చేశాడు. మళ్లీ చెప్పమందామంటే సగం మాటలు మామకే గుర్తురావడం లేదు. ఆయన ఎదుట కూర్చుని, ఏడుస్తూనే, ఆ పిచ్చిరాతలు పైకి చదివాను. పోగును అటూ ఇటూ మోసే నాడె ఉండాల్సిన చోట డెనా, నూలు చుట్టే కండె ఉండాల్సిన చోట డెకం.

కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏడ్వకు బిడ్డా, మాటలు ఏడికి పోలే. జంట పోగులు అటుది ఇటు, ఇటుది అటు పడ్డయి, గంతే. మగ్గం మీద పాత పడుగు పోగులకు కొత్త పడుగు పోగులు అతికేటప్పుడు కొత్తోళ్లు చేసే తప్పే గిది."

నిజంగా అంతే. రెండేసి అక్షరాలను పాత మెషీన్ ఒక వరుసలో దాచితే కొత్తది తిరగేసి చదువుతోంది. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన అరకొర ప్రోగ్రామింగుతో, జతల్ని తిప్పిపెట్టే నాలుగు వరుసలు నేనే రాశాను. మూడు రోజులు సతాయించి, నాలుగో రోజు తెర మీద 'నాడె' తిన్నగా నిలబడితే, కన్నబిడ్డ మొదటి అడుగు వేసినంత సంబరపడ్డాను. ఆ మెకానిక్కే తర్వాత వచ్చి నా ప్రోగ్రాము అడిగి పట్టుకుపోయాడు. ఇచ్చాను గాని, తప్పు ఎక్కడుందో కనిపెట్టింది మా మామ అని రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చాను.

పుస్తకం అచ్చయ్యేసరికి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాను.

ఆ గర్వంతోనే మొన్న మనవడి పక్కన కూర్చుని, తెర మీద కనబడిందల్లా పైకి చదివాను. వాడు నన్ను వింతగా చూశాడు. ఎంత చదివినా పోగు ఎక్కడ తప్పిందో నాకు అందలేదు. విని చెప్పడానికి మామ లేడు.