రామసేతు రాయిలో మిగిలిన ఎరుపు

మా చిన్నప్పుడు... భవాని పేట్‌లో, ఒకే కప్పు కింద వరుస గదులుండే చాళ్‌లో, మా గదిలోని దేవుని గూట్లో ఒక తెల్లరాయి ఉండేది. నాయనమ్మ రామేశ్వరం యాత్ర నుంచి కొంగున కట్టుకొని తెచ్చింది. ఒళ్ళంతా సన్నసన్న చిల్లులు... ఒక్కో చిల్లులో చుక్క ముగ్గులాంటి గీతలు. రామసేతు రాయని రోజూ నీళ్ళు పోసి బొట్టు పెట్టేది. కళ్ళు మందగించాక ఆ పని నాకు అప్పజెప్పింది. ఇంటికి పెద్దబిడ్డను కదా...

మా చెల్లె నంద అప్పుడు ఏడో తరగతి. ఒకనాడు బడి నుంచి ఉరికొచ్చి, సంచి కూడా దించకుండా గూటి ముందు నిలబడ్డది.

"అక్కా, ఇది రాయి కాదే. పగడం. మాకు సైన్స్ చెప్పే బాయి పుస్తకంల బొమ్మ చూపిచ్చింది."

"పగడం ఎర్రగుంటది. అమ్మ పుస్తెలతాడుకు ఉన్నది చూడలే?"

"అది వేరే జాతట. ఇది రాతి పగడం. వెన్నెముక లేని జీవులు కట్టినయట... మొగ్గలంత ఉంటయి, జెల్లీ చేపలకు చుట్టాలు. ఒకదాని గోడకు ఒకటి ఆనుకొని ఇల్లు కట్టుకుంటయి. పాతవి చచ్చినా ఇల్లు ఉంటది. దాని మీద కొత్తవి కడ్తయి."

"మన చాళ్ లెక్కనా?"

"అగో, అట్లనే. బతికున్నప్పుడు రంగురంగులుండెనట అక్కా. చచ్చినంక తెల్లబడ్డది."

మూలకు కూర్చున్న నాయనమ్మ విన్నది. "రాముడు తొక్కిన రాయిని పురుగులంటవా? నోరు కడుక్కో పో."

నంద నవ్వింది... కానీ 'తెల్లబడ్డది' అన్న మాట దాని మనసులోంచి పోలేదు. మా నాయన, బాపు, నూలుకు రంగులేసేవాడు; మా ఇంట్లో తెల్లనూలు తెల్లగా ఉండిపోయేది కాదు. బాపు రంగుతొట్టిలో ముంచితే ఏదైనా తేరుకునేది.

మరునాడు మధ్యాహ్నం, చాదర్ దుప్పట్ల నూలుకని బాపు కలిపిన ఎర్రరంగులో రాయిని ముంచింది. నేను చూశాను. ఆపలేదు... నాకూ చూడాలనిపించింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు గూట్లో ఎర్రరాయి. నాయనమ్మ తలుపుకు చేరబడి ఏడ్చింది.

"ఎవరు చేసిన్రు?" అని బాపు అడిగాడు.

నంద నా వైపు చూసింది. దేవుని ముందు అబద్ధమాడకూడదనుకున్నాను. దాని పేరు చెప్పాను. నేనూ చూస్తూ నిలబడ్డానని మాత్రం చెప్పలేదు.

"సదువు ఎక్కువైంది," అన్నాడు బాపు. అంతే... నంద బడి ఆగింది. తెల్లారి నుంచి కండెలు చుట్టే రాట్నం ముందు కూర్చుంది.

నేను కుంకుడు రసంతో మూడు రోజులు రాయిని రుద్దాను. పైనంతా తెలుపు వచ్చింది. చిల్లుల్లోని ఎరుపు మాత్రం పోలేదు.

నంద ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. పోయిన ఏడాది ఆస్పత్రిలో, గొంతు సన్నబడ్డాక... "అక్కా, రాయికి రంగు పోయిందా?" అని అడిగింది.

"పోలేదే."

"బాపు రంగు గదా..." అని కళ్ళు మూసుకుంది. ఆనాడు నేనూ చూస్తూ నిలబడ్డానన్న మాట అప్పుడైనా చెబుదామనుకున్నాను. నర్సు వచ్చింది. మళ్ళీ వీలు కాలేదు... రెండు రోజులకే నంద పోయింది.

ఇప్పుడు ఆ చాళ్ లేదు, తొట్టి లేదు. మేం నీలం నగర్ వచ్చేశాం. సముద్రం వేడెక్కి బతికున్న పగడాలే తెల్లబడుతున్నాయని టీవీలో చెప్తున్నారు. నంద ఉంటే నాకు అర్థమయ్యేలా చెప్పేది... రోజూ రాయికి నీళ్ళు పోసేటప్పుడు, రాముని పేరు తర్వాత దాని పేరు తలుచుకుంటాను.

మీ ఇంట్లోనూ బడి ఆగిపోయిన చెల్లె ఉంటే... బడిలో ఆఖరి రోజు విన్న పాఠం ఏందని, ఆమె ఉన్నప్పుడే అడగండి. ఏం చెప్పిందో ఇక్కడ రాయండి. నేను చదువుతాను.