కాక ఆపిన పెట్టె

మొన్న జగిత్యాలలో నా ల్యాప్‌టాప్ నీలం తెర చూపించి కుప్పకూలితే, పట్టుకెళ్లిన దుకాణంలో ఆసామి తెర వంక చూడకుండా నా వంక చూసి "ఏం జేసిండ్రు సార్?" అన్నాడు. పాపం, ఆ ప్రశ్నకూ నాకూ ఎంత పాత పగో ఆయనకేం తెలుసు?

కంప్యూటర్‌కూ, దానికి తగిలించిన యంత్రానికీ మధ్య మాటలు మోసే డ్రైవర్ ప్రోగ్రాములు ఎందుకు కూలాయో కనిపెట్టడం ఒకప్పుడు నా ఉద్యోగం. డ్రైవర్లతో పని అంటే, కోరుట్లలో మా మేనత్త ఏ డిపోలో అని అడిగింది. వివరించబోయి, నాకే సరిగ్గా అర్థం కాలేదని గ్రహించి, జగిత్యాల డిపో అనేసి బయటపడ్డాను.

మా కంపెనీ సిరిసిల్ల సాంచాలకు, అంటే మరమగ్గాలకు, ఒక పెట్టె అమ్మేది. చీర అంచు డిజైను కంప్యూటర్‌లోంచి ఆ పెట్టె ద్వారా సాంచకు అందేది. ఒక షెడ్డులో కంప్యూటర్ మాటిమాటికీ కూలుతోందని నన్ను పంపారు. అక్కడ సాంచ నడిపేది మా కాకే, నాయన తమ్ముడు. పోగు తెగగానే చెయ్యి చాచి స్విచ్చు ఆపేయడం కాకకు చిన్ననాటి అలవాటు. కొత్త పెట్టెకూ అదే మర్యాద చేశాడు. "పోగు తెగినంక నడిపిస్తే బట్టంత ఖరాబైతది గదరా, గీ డబ్బేమన్న పెద్ద దొరనా?" అని నవ్వాడు.

కూలిన క్షణంలో కంప్యూటర్ తన జ్ఞాపకంలో ఉన్నదంతా డిస్కు మీద నకలుగా వదిలిపోతుంది. నా జ్ఞాపకం కన్నా అది చాలా నమ్మకస్తురాలు. దానికి పంచనామా చేస్తే సంగతి తేటగా తేలింది. పెట్టె ఆగిపోయాక కూడా మా డ్రైవర్ దాన్ని ఎన్నో వరస నడుస్తోందని అడుగుతోంది. లేని పెట్టె నుంచి వచ్చిన చెత్త అంకెను నిజమని నమ్మి, జ్ఞాపకంలో తనది కాని చోట చెయ్యి పెట్టి, కంప్యూటర్ మొత్తాన్నీ కూలదోస్తోంది. పెట్టె ఉందో లేదో ముందు చూసుకోవాలన్న ఇంగితం ఆ ప్రోగ్రాం రాసిన పెద్దమనిషికి లేకపోయింది.

ఫోనులో చెబితే మా యజమాని, "మన కోడ్ మంచిగనే ఉంది, గా స్విచ్ ముట్టుకునేటోన్ని మార్పియ్యి" అన్నాడు. షెడ్డు సేటుకూ అదే మాట చేరవేశాడు. నకలు సేటు ముందుపెట్టి గొంతు పోయేదాకా అరిచాను. "గివన్ని నాకెందుకు, కంపెనోళ్లే చెప్పిండ్రు" అని సేటు కాకను పనిలోంచి తీసేశాడు. తర్వాత మా కొత్త వెర్షన్‌లో ఆ ఇంగితం చడీచప్పుడు లేకుండా చేరింది, 'మెరుగుదల' అన్న పేరుతో! కాకను మాత్రం ఎవరూ తిరిగి పిలవలేదు. తలచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి; కొన్ని కట్టుడువి కావడంతో చప్పుడు కాస్త ఎక్కువే.

ఇప్పటి కంప్యూటర్లు చాలావరకు నీలం తెర చదివేలోపే వాటంతటవే మళ్లీ మొదలవుతాయి. ఎందుకు పడ్డాయని అడిగే తీరికా, ఆ పట్టుదలా ఎవరికీ లేవు. కాక కోనరావుపేటలో కూలికి పోతున్నాడు. కలిసినప్పుడల్లా గొంతు తగ్గించి అడుగుతాడు: "నేను ఖరాబ్ జేసిన గా డబ్బ మంచిగైందారా?" నువ్వు చేయలేదు కాకా అని ప్రతిసారీ చెబుతాను. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక తల ఊపుతాడు.