నైరుతి మూల లోతు

మాది క్రైస్తవ కుటుంబం. పునాది పూజకు అందరూ ఈశాన్యం మూలకు చేరితే నేను మర్యాదకు కాస్త ఎడంగా, ఎదురు మూలలో నిలబడేవాణ్ణి. నైరుతిలో గుంత లోతు తక్కువుందని మొదటిసారి నా కంట పడింది అలా నిలబడటం వల్లనే. నేనూ అందరితో పాటు కొబ్బరిముక్క కోసం చెయ్యి చాపుతూ నిలబడి ఉంటే నా బతుకు ఇంకోలా నడిచేదేమో.

అది డెబ్బైలలో మాట. నంద్యాలలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ప్లాన్లు గీయడం నేర్చుకుని, ఆ సర్టిఫికెట్టు చంకలో పెట్టుకుని ఊరంతా తిరుగుతున్న రోజుల్లో, "గీసేటోళ్లు శానామంది ఉండారప్పా, గీసినట్టు కట్టించేటోడు కావాల" అని పనిలో పెట్టుకున్నాడు. ఇసుకను గుప్పిట్లో నలిపి అందులో ఒండ్రు ఎంతుందో చెప్పడం, రెండు ఇటుకలు తట్టి సరిగ్గా కాలాయో లేదో వినడం ఆయనే నేర్పాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలంతా ఆయన ఇంటి నుంచే క్యారియరు వచ్చింది. అమ్మ పోయిన రోజు సమాధి దగ్గర నాతో పాటు పార పట్టుకుని మట్టి వేశాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన దుర్మార్గుడైతే నాకు పని చాలా సులువయ్యేది.

మా వైపు నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత వెడల్పున నోరు తెరుస్తుంది. దాని మీద గోడ నిలవాలంటే ఆ నల్లమన్ను దాటి, కింద గరుసు అనే ఎర్రటి గట్టినేల తగిలేదాకా తవ్వాలి. ప్లానులో రాసేది అదే, నిబంధనా అదే. ఐదడుగులు, అక్కడా గరుసు లేకపోతే అది తగిలేదాకా.

అన్న ఈశాన్యంలో మాత్రం నిఖార్సుగా తవ్వించేవాడు. మొదటి రాయి వేసేది అక్కడే, పూజ అక్కడే, తనిఖీకి వచ్చే సర్కారు ఇంజనీరు టేపు దింపేదీ అక్కడే. తనిఖీ, ముహూర్తం ఒకే పూట వచ్చేట్టు చూసుకోవడం ఆయన పనితనం. ఇంజనీరు వచ్చి, పూజ జరిగే చోటు కాబట్టి చెప్పులు విడిచి, టేపు వదిలి, అంకె రాసుకుని, ప్రసాదం తీసుకుని జీపెక్కేవాడు. మిగతా మూడు మూలలు చూడాలంటే ఆ ఎండలో ఉత్తకాళ్లతో నడవాలి. కాళ్లు కాలతాయి గదా, పాపం.

"అన్నా, ఈ మూల మూడడుగులే వచ్చింది" అని మొదటిసారి అడిగితే పగలబడి నవ్వాడు.

"వాస్తు తెల్దా నీకు? నైరుతి ఎత్తుండాల, ఈశాన్యం పల్లముండాల. మీ బైబిల్లో ఉండదులే, పో" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం. వాస్తు చెప్పేది నేల వాలు గురించి, పునాది లోతు గురించి కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు నాకంటే బాగా తెలుసు.

ఆ తర్వాత టేపు రెండో కొస పట్టుకునే పని నాదైంది. గుంతలోకి దిగి, కొస నేలకు ఆనించి, "ఐదు" అని అరిచేవాణ్ణి. అబద్ధం కాదు, ఆ మూల ఐదే. పని రిజిస్టరులో ఆ అంకె రాసిందీ నేనే. కట్టిన గోడల్లో కొన్ని రెండో ఎండాకాలానికి బీటలిచ్చాయి. సిమెంటు పూసి సున్నం కొట్టించాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి తప్పే జరగలేదన్నట్టు ఏడెనిమిదేళ్లు గడిపేశాను.

ఎనభైలు వచ్చాక ఆళ్లగడ్డలో ఆడపిల్లల హాస్టలు కట్టే పని మాకు దొరికింది. కింద వంటగది, బడి గదులు. పై అంతస్తులో పిల్లలందరూ పడుకునే పెద్ద హాలు. చుట్టుపక్కల పల్లెల్లో కూలికి పోయేవాళ్ల పిల్లల కోసం కడుతున్నది. వానలు దిగేలోపు పునాది నేల పైకి రావాలని అన్న తొందర. ఒక మధ్యాహ్నం కూలీలు అన్నాలకు కూర్చున్నప్పుడు నేను నైరుతి గుంతలోకి దిగి గడ్డపారతో పొడిచాను. సంగటి ముద్దలో వేలు దిగినట్టు దిగింది. పైకి లాగితే కొసకు అంటుకున్నది నల్లమన్నే.

అన్న రాగానే చెప్పాను.

"అన్నా, గరుసు ఇంకా రెండు మూడడుగుల కింద ఉండాది. తియ్యాల."

"ఏందప్పా కొత్తగా? ఇన్నేండ్లు మనం కట్టినేటివి పడిపోయినాయా?"

"అవి అంగళ్లన్నా. ఇది మేడ. పైన పిల్లోళ్లు పండుకుంటారు."

"ఇప్పుడు మళ్లా తవ్వుకుంటా కూర్చుంటే వాన వస్తాది. గట్లన్నీ కూలి గుంతల్లో పడతాయి. నా తిప్పలు నీకేం తెలుసు?" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం ఇంటికి రా. మీ వదిన కోడి కోస్తానంటాంది."

ఆదివారం చర్చి నుంచి నేరుగా వాళ్లింటికే వెళ్లాను. ఆ కూడు నా గొంతు దిగలేదు అని రాస్తే బాగుంటుంది గానీ, అది అబద్ధం. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. బయటికి వచ్చాక మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మరుసటి రోజే ఇంజనీరు ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. మా ఆవిడ బళ్లో టీచరు. కాగితం చదివి, తప్పులు దిద్దే అలవాటు కొద్దీ మొదట కింద చూసింది.

"పేరేదీ?"

"పెడితే ఉద్యోగం పోతాది."

"పెట్టకపోతే? గుంతల సంగతి తెలిసినోళ్లు ఇద్దరే. నువ్వు, ఆ పెద్దమేస్త్రీ. నిన్ను ఇంట్లో మనిషంటాడాయన. నీ మీద అనుమానం రాదు. ఆ ముసిలాయన్నే ఎల్లగొడతాడు."

నిజమే. ఉత్తరం చింపేశాను. చింపాక ఇంక రెండే దారులు మిగిలాయి. నోరు మూసుకోవడం, లేదా పేరుతో చెప్పడం.

పెద్దమేస్త్రీ నంద్యాల సాయిబు, అరవై దాటినాయన. మామా అని పిలిచేవాణ్ణి. ఆయనకు చెప్పకుండా ఈ పని చేయడం న్యాయం కాదనిపించింది. గుంత అంచున కూర్చుని బీడీ వెలిగించుకుంటూ అంతా విన్నాడు.

"చెప్పు. వద్దనను" అన్నాడు. "కానీ పని నిలబెట్టినారనుకో, వానలు పోయేదాకా ఈళ్లందరికీ కూలి లేదు. ఆ మాట గూడా మనసులో పెట్టుకోని చెప్పు."

నాకు ఉక్రోషం వచ్చింది. "ఇన్నేండ్లు నువ్వెందుకు చెప్పలేదు మామా?"

"నేను రాయి పేర్చేటోణ్ణి నాయనా. నా మాట ఎవురు రాసుకుంటారు? రిజిస్టరు నీ చేతిలో ఉండాది."

ఆ మాటతో నా ఊగిసలాట ఆగిపోయింది. ఎప్పుడు చెప్పాలో కూడా తేలిపోయింది. రాయి వేసి మట్టి కప్పితే ఆ లోతు ఇంకెవరికీ కనబడదు. సరిచేయాలన్నా కట్టిందంతా కూలగొట్టాలి, అప్పుడు పని నిజంగానే ఆగిపోతుంది. గుంతలు తెరిచి ఉండగా, ఇంజనీరు నిలబడి ఉండగా, అంటే పూజ రోజే చెప్పాలి. అయితే ఆయన వెనకాల కాదు. ముహూర్తానికి రెండు రోజుల ముందు అన్న బండి ఎక్కబోతుంటే ఎదురెళ్లాను.

"అన్నా, ఎల్లుండి టేపు నైరుతిలో పెట్టిస్తా. ముందే చెప్తాండా. ఈ రెండు దినాల్లో తవ్వించేది మొదలుపెడితే నాకు చెప్పే పనే ఉండదు."

నన్ను కిందినుంచి పైకి చూశాడు. "చెప్పుకో పో" అని బండి తన్ని వెళ్లిపోయాడు. నేను చెబుతానని ఆయన నమ్మలేదు. ఇన్నేళ్లు నేను ఇచ్చిన ధైర్యం అది.

పూజ రోజు ఈశాన్యం గుంత చుట్టూ పసుపునీళ్లు చల్లారు. ఇంజనీరు వచ్చి చెప్పులు విడిచాడు. "బేగా టేపు పట్టుకో, ముహూర్తం దగ్గరపడింది" అన్నాడు అన్న. నేను టేపు ఒక చేత్తో, ఇంజనీరు చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, వెళ్లి చెప్పులు ఆయన కాళ్ల ముందు పెట్టాను.

"తొడుక్కోండి సార్. ఆ మూలకు పోదాం."

"ఇప్పుడా? ముహూర్తం దాటిపోదూ?"

"దాటనీండి సార్. ఇది పిల్లోళ్లు పండుకునే ఇల్లు."

ఇంజనీరు చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. నేను ముందు నడిచాను, ఆయన వెనక వచ్చాడు. ఆ చెప్పులే లేకపోయి ఉంటే ఆయన వచ్చేవాడు కాదని నా గట్టి నమ్మకం. నైరుతి గుంతలోకి దిగి కొస ఆనించి, "మూడుంబావు" అని అరిచాను. తర్వాత గడ్డపార తీసుకుని ఆయన కళ్ల ముందే పొడిచాను. అన్న వెనకాల నుంచి "వాస్తు ప్రకారం..." అని మొదలుపెట్టి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు.

ఇంజనీరు నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "ఇంతకుముందువాటికి ఐదు అని చెప్పింది నువ్వే గదయ్యా?"

"నేనే సార్. అవి గూడా ఈశాన్యంలోనే కొల్చినాం. రాసుకోండి. నా పేరు పెట్టే రాసుకోండి."

పెన్ను ఆగింది. ఆ అంకెల కింద సంతకాలు ఆయనవే. పాతవాటి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఈ కట్టడానికి మాత్రం నాలుగు వైపులా గరుసు తగిలేదాకా తవ్వాలని, అది తాను చూసేదాకా రాయి వేయకూడదని రాశాడు. పని ఆపమని రాయవద్దని, తవ్వించమని మాత్రమే రాయండని నేను బతిమాలుకున్నాను. ఆ మాట విన్నాడు. పాత కట్టడాల జాబితా నేనే విడిగా రాసి, కింద నా పేరు, ఊరు పెట్టి ఆఫీసుకు పోస్టు చేశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

జీపు వెళ్లిపోయాక అన్న నా వైపు చూడకుండానే, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

నేను మాత్రం మర్నాడు మొదటి బస్సుకే ఆళ్లగడ్డలో దిగాను. పనిలోకి కాదు. రాళ్ల కుప్ప మీద కూర్చుని తవ్వకం చూడటానికి. కూలీలు తవ్వుతూనే ఉన్నారు. ఆకాశం ముసురుకున్నప్పుడల్లా మామ నా వైపు చూసేవాడు, ఇద్దరం పైకి చూసేవాళ్లం. రోజుకొక మూల గరుసు కనబడుతూ వచ్చింది. నైరుతి ఒక్కటే మిగిలింది. ఆరడుగులు దాటినా అక్కడ నల్లమన్నే వస్తోంది.

ఆ రోజు అన్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మాట్లాడి వారమైంది.

"నీకు ఈడ పని లేదని చెప్పినా గదా. ఎందుకొస్తాండావ్?"

"ఆ మూల ఇంకా తగల్లేదన్నా."

"తియ్యిస్తాలే. మూలమూలా చూసుకోని నేనే తియ్యిస్తా. ఇంటికి పో." తర్వాత మెల్లగా అడిగాడు. "నన్ను నమ్మవా?"

అంత బాధ ఆయన గొంతులో నేనెప్పుడూ వినలేదు. ఊఁ అనడం ఎంత సులువో. అని ఉంటే మర్నాడే నన్ను మళ్లీ పనిలోకి పిలిచేవాడేమో కూడా.

"నమ్మనన్నా" అన్నాను.

ఆయన వెళ్లిపోలేదు. గడ్డపార గట్టినేలకు తగిలి ఖంగుమనేదాకా ఇద్దరం ఆ ఎండలో పక్కపక్కనే నిలబడ్డాం. తర్వాత ఆయన బండి ఎక్కాడు, నేను నంద్యాల బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.