మా యారాలి సైకిలు, నా వడ్లు

మా చేను వెనక కాలువ గట్టు మీద తారు బాట పడినప్పుడు మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. అది ఇబ్రహీంపట్నం చెరువు అలుగు దగ్గర మొదలై, గట్టు పట్టుకుని మంచాల రోడ్డు దాకా పోతుంది. పట్నం వాళ్ళు పరుగెత్తడానికీ సైకిళ్ళు తొక్కడానికీ వేశారట. కార్లు, ట్రాక్టర్లు రానివ్వరు. మాకు మాత్రం దాన్ని చూడగానే తోచింది ఒకటే. ఇంత నున్నగా, ఇంత పొడుగ్గా, లారీ భయం లేకుండా వడ్లు ఆరబోసుకునే చోటు మాకు ఇంతకు ముందెప్పుడూ దొరకలేదు.

వేసవిలో యాసంగి కోతలు మొదలయ్యేసరికి బాటకు ఒక పక్క వడ్లు, ఇంకో పక్క సైకిళ్ళు. ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండానే కుదిరిన పద్ధతి అది. సగం వెడల్పున మేము వడ్లు పోసి అంచున రాళ్ళు పేర్చుకుంటాం. మిగతా సగంలో వాళ్ళు పోతారు. మొదట్లో హెల్మెట్ పెట్టుకున్న పెద్దమనుషులు ఒకరిద్దరు గొణిగారు. తర్వాత వాళ్ళే ఆగి వడ్ల ముందు నిలబడి ఫోటోలు దిగడం మొదలుపెట్టారు.

వాళ్ళెవరినీ చూసి నాకు కళ్ళు కుట్టలేదు. కుట్టింది మా యారాలిని చూసి.

యారాలంటే నా మరిది భార్య. వాళ్ళు మీర్‌పేట్‌లో ఉంటారు. ఆమె అక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతుంది. పెళ్ళయిన కొత్తలో మా ఊరికి రమ్మంటే దోమలనీ ఎండలనీ ఫోన్‌కు సిగ్నల్ అందదనీ ఏదో ఒకటి చెప్పేది. బాట పడిన దగ్గర నుంచి ప్రతి ఆదివారం తయారు. కారు వెనక సైకిలు కట్టుకుని మా మరిదితో దిగుతుంది. ఆకుపచ్చ సైకిలు, గేర్లది. మోకాళ్ళ దాకా బిగుతు ప్యాంటు, చేతులకు వేళ్ళు లేని తొడుగులు. "బాగున్నవా అత్తా" అని మా అత్తమ్మను ఒక్క మాట పలకరించి, నేను పెట్టిన చాయ్ తాగి, గట్టెక్కేస్తుంది. నేను ఆ చాయ్ గిన్నె తోముతుంటే వంటింటి కిటికీలోంచి ఆమె హెల్మెట్ ఒక్కటే కనిపిస్తుంది, గట్టు మీద జారుతూ పోతూ.

ఆ పిల్ల మంచిదే. అదే నాకు ఇంకా మంట. చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. వచ్చినప్పుడల్లా నాకు ఏదో ఒకటి తెస్తుంది, నా మోకాలి నొప్పి గురించి అడుగుతుంది, చాయ్ బాగుందంటుంది. అత్తమ్మ సంగతి వేరే చెప్పాలి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొంగు కొంచెం జారితే కళ్ళతోనే సర్దించిన మనిషి. ఇప్పుడు చిన్నకోడలి బిగుతు ప్యాంటు వైపు చూసి, "ఎండకు సల్లగుంటదేమో బిడ్డా" అంటుంది. ఆ మాట విన్న రోజు నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నాకు సైకిల్ రాదని ఈ ఇంట్లో అందరూ అనుకుంటారు. మా పుట్టింటి ఊరు మంచాల అవతల. సీటు అందే వయసు రాకముందే బాపు సైకిలును కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాను. అందిన తర్వాత హైస్కూలుకు నేనే తొక్కుకుంటూ పోయేదాన్ని, వెనక మా చెల్లెను కూర్చోబెట్టుకుని. ఎదురుగాలి కొడితే లేచి నిలబడి తొక్కేదాన్ని. పెళ్ళయి ఇక్కడికి వచ్చాక నన్ను ఎవరూ తొక్కవద్దని అనలేదు. తొక్కమనీ అనలేదు. మా ఆయన మోటార్ సైకిల్ కొన్నాక ఇంట్లో ఉన్న సైకిలు పాత ఇనుముకు పోయింది. అంతటితో ఆ ముచ్చట అయిపోయింది.

దానికి బదులు ఈ ఇంట్లో నేను ఒక పేరు సంపాదించుకున్నాను. వానను ముందే పసిగడతానని పేరు. మబ్బు ఇంకా ఆకాశం అంచున ఉండగానే నాకు గాలిలో తేడా తెలుస్తుంది. మిగతావాళ్ళు తలెత్తి చూసేసరికి మా వడ్లు కుప్పయి, మీద టార్పాలిన్ పరదా పడి ఉంటుంది. కొనే చోట తేమ ఉందని, మొలక వచ్చిందని పక్కవాళ్ళ వడ్లు వెనక్కి పంపుతుంటే మావి దర్జాగా కాంటా ఎక్కేవి. "పెద్దామె ఉన్నంత సేపు మాకు వాన ఫికర్ లేదు" అని అత్తమ్మ పదిమందిలో అనేది. చదువులో, ఇంగ్లీషులో, చర్మం నునుపులో మా యారాలు నన్ను మించిందంటే ఒప్పుకుంటాను. వడ్ల దగ్గర మాత్రం నేనే. ఆ సైకిలూ నాకు కావాలి, ఈ పేరూ నాకే ఉండాలి. నా కోరిక అంతే.

మొన్న యాసంగిలో ఒక ఆదివారం నేను వడ్లు బాట మొత్తం వెడల్పునా పోశాను. పంట ఎక్కువైందని మా ఆయనతో అన్నాను. ఎక్కువైన మాట నిజమే గానీ ముందుకు పోతే చోటు బోలెడంత ఉంది. మా యారాలు నా వడ్ల ముందు ఒక్కసారైనా సైకిలు దిగాలి. దాని కోసమే పోశాను. పోస్తున్నంత సేపూ నాకు హాయిగా ఉంది.

ఎండ తగ్గే వేళకు ఆమె వచ్చింది. వెంట వాళ్ళ బడిలో పనిచేసే ఇద్దరు టీచరమ్మలు, వాళ్ళవి రెండు సైకిళ్ళు. మా ఆయన గోనె సంచుల కోసం పోయి ఉన్నాడు. నేను పరదా మడత మీద కూర్చుని ఉన్నాను. ముగ్గురూ వడ్ల ముందు ఆగారు.

"ఏందక్కా, ఇయ్యాల బాటంతా నీదే అయింది?" అంది మా యారాలు.

"పంట మస్తొచ్చింది చెల్లె. ఏడ పోయాలె మరి?"

"మేమెట్ల పోవాలె?"

"దిగి పోన్రి. మేం రోజూ నడిచే పోతం."

దిగింది. కానీ నేను అనుకున్నట్టు మొహం మాడ్చుకోలేదు. సైకిలును ఒక్క ఊపున ఎత్తి భుజాన వేసుకుని గట్టు అంచున నడుచుకుంటూ వడ్లు దాటేసింది. దిగి కూడా అందంగానే కనిపించింది. మిగతా ఇద్దరూ నవ్వుకుంటూ తమ సైకిళ్ళను చెట్టుకు ఆనించారు.

అవతలికి చేరాక ఆమెకు ముందుకు పోవాలనిపించలేదు. వెనక్కి తిరిగి వడ్ల వైపు చూసి, "అక్కా, వీటిని కాళ్ళతోని తిప్పుతరు కదా. నేను తిప్పుత జర," అంది. వడ్లు అడుగున కూడా ఆరాలని మేము వాటిలో చెప్పుల్లేకుండా నడుస్తాం. పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ, ఈ చివర నుంచి ఆ చివరకు చాళ్ళు తీసుకుంటూ పోతాం.

"నూగు అంటుకుంటది. కాళ్ళు దురద పెడ్తయ్."

"పెట్టనియ్. నువ్వు జర ఈ సైకిల్ పట్టుకో, పడిపోతది."

ఆ సైకిలుకు స్టాండు లేదు. అంత ఖరీదైన సైకిలుకు స్టాండు ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నేను పోయి హ్యాండిల్ పట్టుకున్నాను. ఆమె బూట్లు విప్పి వడ్లలోకి దిగింది. టీచరమ్మలూ దిగారు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు పాదాలు ఈడుస్తూ పోతున్నారు. ఒక్క చాలు కూడా తిన్నగా రాలేదు. చక్కిలిగింతలు అవుతున్నట్టు నవ్వుతున్నారు.

కొంతసేపటికి ఆమె తలెత్తి నన్ను చూసింది. నా చేతులు బ్రేకుల మీద ఉన్నాయి.

"తొక్కుతవా అక్కా? నీకొస్తదా?"

తొక్కుతావా అంటే సరే. వస్తదా అనడమెందుకు? నాట్లకు దిగేటప్పటిలా చీర ఎగదోపుకున్నాను. చెప్పులు అక్కడే విడిచి సైకిలెక్కాను.

మొదట రెండు వంకర్లు పోయింది. వెనక నుంచి ఎవరో "అయ్యో" అన్నారు. తర్వాత కాళ్ళకు దారి దొరికింది. గేర్ల జోలికి పోలేదు, అది ఏ గేరులో ఉందో ఆ గేరులోనే తొక్కాను. బాపు సైకిలు నలుగురికి వినిపించేలా మూలిగేది. దీనికి చప్పుడే లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క కోసిన మళ్ళు, ముందు నల్లగా బాట. మలుపుల దగ్గర కూడా ఎక్కడా గుంట లేదు, రాయి లేదు, ఎవరినీ తప్పుకోమని అడగాల్సిన పని లేదు. ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చిన ఒకాయన నాకు "గుడ్ ఈవినింగ్" చెప్పి పోయాడు. నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు ఆ మాట. వెనక్కి తిరిగి చెబుదామనుకునే లోపే ఆయన దూరమైపోయాడు.

నాకు చాలా సంతోషంగా ఉంది. దానితోపాటే కోపం కూడా వచ్చింది. వారం వారం ఈమె అనుభవిస్తున్నది ఇదన్నమాట. నేను గిన్నె తోముతుంటే ఈమెకు జరుగుతున్నది ఇది. అత్తమ్మను పలకరించి, నాకు ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి, ఇంత పెద్ద ఆనందాన్ని ఒక్కతే దోచుకుపోతున్నది. ఆ కోపానికి ఇంకొంచెం గట్టిగా తొక్కాను.

సగం దూరంలో గట్టు పక్కన ఒక చింత చెట్టుంది. దాన్ని దాటుతుండగా గాలి మారింది. మెడ మీద చల్లగా తగిలింది. మంచాల దిక్కున ఆకాశం నల్లబడి ఉంది. అది బెదిరించి పోయే మబ్బు కాదు, కురిసే మబ్బు. ఇంకెప్పుడైనా అయితే అప్పటికే నేను కుప్ప చేసే పలక పట్టుకుని సగం పని ముగించి ఉండేదాన్ని. ఇప్పుడు వడ్లు బాట నిండా పరుచుకుని ఉన్నాయి. వాటి దగ్గర ఉన్నది లెక్కల టీచర్లు.

ఆ సమయంలో వడ్లు గుర్తుకు రాలేదని చెప్తే అబద్ధం. గుర్తుకొచ్చాయి. మా ఆయన మొహం కూడా గుర్తుకొచ్చింది. తిరిగిపోవాలని తెలుసు. అయినా తొక్కాను. ఎవరి కోసమో వెనక్కి రావడం నాకు కొత్త కాదు. కొస దాకా పోవడమే కొత్త.

కొసకు చేరాను. అక్కడ ఏమీ లేదు. రెండు ఇనుప కంబాలు, మూసేసిన చెరుకు రసం బండి, అవతల మంచాల బస్సు పోయే రోడ్డు. కంబాన్ని చేత్తో పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాను. మొదటి చినుకులు నా చేతి మీద పడ్డాయి.

తిరుగు దారంతా వానే. చీర కాళ్ళకు చుట్టుకుంటోంది. వడ్లు కొట్టుకుపోయి ఉంటాయని, అందరూ నా మీద పడతారని అనుకుంటూనే తొక్కాను. మా చేను దగ్గరికి వచ్చేసరికి చూశాను. బాట మీద వడ్లు లేవు. మధ్యలో పెద్ద కుప్ప, దాని మీద మా నీలం పరదా, చుట్టూ అంచుల మీద దగ్గర దగ్గరగా రాళ్ళు. ముగ్గురు టీచరమ్మలు తడిసి ముద్దయి నిలబడ్డారు. మా ఆయన వచ్చేసి ఉన్నాడు. అత్తమ్మ గోనె సంచి తల మీద కప్పుకుని వచ్చింది.

"పోయిన మనిషివి పోయినవ్," అన్నాడు మా ఆయన. "చిన్నామె లేకుంటే పంటంతా కాలువల కలిసేది."

"మబ్బు పట్టంగనే పలక గుంజిందట," అంది అత్తమ్మ. "గంత సదువుకున్న పిల్ల. చేతులు జూడు, ఎట్ల బొబ్బలెక్కినయో. ఇగ మాకు వాన ఫికర్ లేదు."

నేను ఏళ్ళ తరబడి ఎండలో నిలబడి సంపాదించుకున్న మాట అది. ఒక్క సాయంత్రానికే దాన్ని ఎత్తి ఆమె చేతిలో పెట్టింది. వడ్లు తడవలేదన్న సంతోషం నాకు రావాలి. రాలేదు. పరదా అంచు ఎత్తి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. పొడిగా, వెచ్చగా ఉన్నాయి. ఇంకో వైపు పోయి చూశాను. అక్కడా పొడిగానే ఉన్నాయి. ఎక్కడో ఒక చోట ఓ గుప్పెడు తడిసి ఉంటే నా ప్రాణం నిమ్మళించేది.

సైకిలు ఆమెకు అప్పగించాను. దాని మీది నీళ్ళు అరచేత్తో తుడుస్తూ అడిగింది.

"ఏడిదాక పోయినవక్కా?"

"కొస దాక."

ఆమె చెయ్యి ఆగింది.

"మంచాల రోడ్డు దాకనా?"

"అవ్. నువ్వు వారం వారం పోయేది గాడికే కదా."

"నేనెన్నడు పోలే," అంది. "సగం కాడ చింతచెట్టు దగ్గర ఎనక్కి మలుగుత. ఆయన ఇంట్ల ఫోన్ చూసుకుంట కూసుంటడు, పొద్దుగూకక ముందే బయలెల్లాలంటడు. పోంగనే పిల్లలకు వండాలె, పేపర్లు దిద్దాలె. ఇన్ని ఆదివారాలల్ల ఒక్కసారి కూడ కొస చూడలే."

అత్తమ్మా మా ఆయనా ఇంటి దారి పట్టారు. ఆమె మాత్రం కదల్లేదు. వానలో కనిపించకుండా పోయిన బాట వైపు చూసి, నా బురద కాళ్ళ వైపు చూసి, పెదవి లోపలికి మడుచుకుంది. ఆ మొహాన్ని గుర్తుపట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. అది అచ్చం నా మొహమే.

"ఎట్లుంటదక్కా ఆడ?" అని అడిగింది.

"మస్తుంటది," అన్నాను. ఇంకొక్క ముక్క కూడా చెప్పలేదు.