గుక్కెడు కరెంటు బస్సు

షాంఘై పాతబస్తీలో మా సందు చివరి ఇంట్లో చూ యుయెఫెన్ ఉండేది. బక్కపలచని మనిషే కానీ గొంతు మాత్రం సందు ఈ చివరికి వినిపించేది. చాలా ఏళ్లు, పైన కట్టిన కరెంటు తీగల వెంట నడిచే ట్రాలీబస్సు నడిపింది. మలుపుల్లో కప్పు మీది కడ్డీ తీగ మీంచి జారిపోతే, వానైనా సరే దిగి, తాడు లాగి మళ్లీ తగిలించేది. అందుకే దారి పొడవునా తీగలు అక్కర్లేని కెపాసిటర్ బస్సులు వచ్చినప్పుడు డిపోలో మొదట చెయ్యెత్తింది ఆవిడే.

ఆ బస్సు కొన్ని స్టాపుల్లో ఆగి, కప్పు మీది చేతిని పైకి చాచి, అక్కడి కరెంటు పట్టీని అందుకునేది. జనం ఎక్కి దిగేలోపు కరెంటు నిండిపోయేది. మళ్లీ పరుగు.

భర్త లూ గెన్ఫా కూడా డ్రైవరే. నది దాటి దూరం వెళ్లే బ్యాటరీ బస్సు అతనిది. ఇక అన్నాల దగ్గర రోజూ ఇదే గొడవ.

"నీదీ ఒక బస్సేనా? అడుగుకో గుక్క తాగే పిచ్చుక! నాది రాత్రి ఒక్కసారి మేపితే సాయంత్రం దాకా అడగదు."

"రాత్రంతా మేస్తుంది కదయ్యా మరి! బ్యాటరీలో కరెంటు పోస్తే లోపలి మందులు మారాలి, అప్పటికి గానీ నిండదు. అలా మారీ మారీ కొన్నేళ్లకే ముసలిదైపోతుంది, నీలాగే. నా దాంట్లో మందులేం మారవు. సన్నటి చిల్లుల బొగ్గుపొడి ఉంటుంది. కరెంటు దాని మీద వాలుతుంది, లేచిపోతుంది. లక్షలసార్లు వాలినా బొగ్గు అరగదు."

"వాలేదెంత? చారెడు!"

"చారెడే. కాదన్నానా?"

జులైలో ఒకరోజు ఆ చారెడే ఆవిడ పరువు తీసింది. ఎండ మండిపోతోంది. ముందు పుచ్చకాయల బండి తిరగబడి రోడ్డంతా కాయలు. నేను ఆ బస్సులోనే ఉన్నాను. బస్సు నిలబడిపోయినా ఏసీ మాత్రం ఉన్న కరెంటును తాగేస్తోంది.

"ఏసీ ఆపేస్తున్నా, కిటికీలు తెరుచుకోండి!" అని అరిచింది యుయెఫెన్.

"చంపుతావా ఏంటమ్మాయ్?" అంది సంచిలో బాతును పెట్టుకు కూర్చున్న ఒక ముసలమ్మ.

"కరెంటు అయిపోతే ఇక్కడే ఆ బాతును వండుకు తినాలి పెద్దమ్మా!"

దారి తెరుచుకునేసరికే ఆలస్యమైంది. స్టాపు కనిపిస్తూనే ఉంది, బస్సు మూలిగి ఆగిపోయింది. వెంటనే వెనక హారన్. గెన్ఫా రూటూ ఆ వీధిలోంచే. అతను దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, పిచ్చుకకి గొంతెండిందా?"

యుయెఫెన్ మొహం కందగడ్డ అయింది. "నవ్వడం తర్వాత. ముందు భుజం పెట్టు."

ఆవిడ స్టీరింగ్ దగ్గర, మేమంతా వెనక. గెన్ఫా ప్రయాణికులూ దిగారు, పుచ్చకాయలవాడూ వచ్చాడు. తోస్తుంటే ఒకటే నవ్వులు, మధ్యలో బాతు అరుపులు. బస్సు స్టాపులోకి చేరి, చెయ్యి చాచి పట్టీని అందుకుంది. మేం చెమట తుడుచుకుని ఎక్కేలోపే బస్సులో కరెంటు నిండిపోయింది. ఆవిడ తలుపు మూసి ముందుకు ఉరికించింది. గెన్ఫా రోడ్డు మధ్య ఆయాసపడుతూ ఉండిపోయాడు.

ఆ చలికాలం మంచు బాగా పడింది. చలికి బ్యాటరీ బిగుసుకుపోయి గెన్ఫా బస్సు సగం దారిలోనే చతికిలబడింది. అతను తన ప్రయాణికులతో సహా వచ్చి భార్య బస్సెక్కాడు. చలి ఆవిడ బస్సును పెద్దగా ఏమీ చేయలేదు. ఆవిడేమంటుందోనని మేమంతా చెవులు రిక్కించాం. ఆవిడ ఫ్లాస్కు వెనక్కి అందించింది. "సోయాపాలు. వేడిగా ఉన్నాయి, తాగు."

"ఏదో ఒకటి అనవే, భయమేస్తోంది," అన్నాడు గెన్ఫా.

బస్సంతా గొల్లున నవ్వింది.

మరి కొన్నాళ్లకు డిపోలో రెండూ కలిపిన బస్సు దించారు. దూరానికి బ్యాటరీ, బయల్దేరేటప్పటి గుంజుడుకూ బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటును పట్టుకోడానికీ కెపాసిటర్. పొద్దున యుయెఫెన్ డ్యూటీ, మధ్యాహ్నం గెన్ఫాది. బస్సు చేతులు మారేచోట ఆవిడ అతనికి వేడి బన్నుల పొట్లం ఇచ్చి దిగుతుంది.

"సీటు మళ్లీ ముందుకు లాగేశావేంటే? మోకాళ్లు ఎక్కడ పెట్టుకోను?"

"నెత్తిన పెట్టుకో," అంటూ నడిచిపోతుంది.